ఈరేష్ హాజరు

ఆదోని మిషన్ బాలుర హైస్కూల్లో దానమయ్య తెలుగు పంతులుగా చేరి ముప్పై ఒక్క ఏళ్లయింది. ఆఖరి ఆరేళ్లు ఇన్‌చార్జి హెడ్మాస్టరు కూడా ఆయనే. అదేమీ పెద్ద హోదా కాదు. పాత హెడ్మాస్టరు రిటైరైతే ఆ కుర్చీలోకి ఎవరినీ వేయలేదు. లెక్కల పంతులు పోయాడు, సైన్సు పంతులు పోయాడు, డ్రిల్లు మాస్టరు పోయాడు. పోయినవాళ్ల జాగాలు అట్లాగే ఖాళీగా ఉండిపోయాయి. చివరికి మిగిలింది దానమయ్య, సోషలు చెప్పే ఇంకొకాయన, అటెండరు అయ్యన్న.

ఆ బడిని ఊళ్లో దొర బడి అంటారు. నూట పదేళ్ల కిందట ఒక కరువు ఏడాది మిషను దొర ఒకాయన పత్తి మిల్లుల వెనక గంజి పోయించాడట. వానలు పడ్డాక పెద్దవాళ్లు ఊళ్లకు వెళ్లిపోయారు. పిలుచుకుపోయే దిక్కులేని పిల్లలు పదిహేడు మంది మిగిలిపోయారు. వాళ్ల కోసం ఒక కొట్టం వేసి ఒక పంతుల్ని పెట్టారు. ఆ కొట్టమే బడి అయింది. తర్వాత రాతి గోడలు లేచాయి, హాస్టలు లేచింది, చర్చి లేచింది. దానమయ్య చదువుకునే రోజుల్లో హాస్టల్లో మూడు వందల మంది ఉండేవాళ్లు. చుట్టుపక్కల పేటల పిల్లలు, ఎమ్మిగనూరు మగ్గాలవాళ్ల పిల్లలు, సాయిబుల పిల్లలు, పగలు వచ్చి సాయంత్రం పోయే పత్తి షావుకార్ల పిల్లలు, అందరూ ఒకే బెంచీల మీద కూర్చున్నారు.

దానమయ్యను తొమ్మిదేళ్లప్పుడు తల్లి అక్కడ వదిలింది. సుగ్గికి పోతూ వదిలింది. సుగ్గి అంటే ఆ పక్క ఊళ్లవాళ్లకు వలస. వానలు ముగిసి చేలు ఎండిపోయాక ఇళ్లకు తాళాలు వేసి, పిల్లల్నీ వంటసామాన్లనీ లారీలకెక్కించుకుని గుంటూరు వైపు పత్తి తీయడానికి, మిరపకాయలు కోయడానికి పోతారు. ఎండలు ముదిరాక గానీ తిరిగి రారు. హాస్టలు లేకపోయి ఉంటే దానమయ్య కూడా ఆ లారీల్లోనే పెరిగేవాడు. ఆ సంగతి ఆయన ఎన్నడూ మర్చిపోలేదు. ప్రతి ఏడూ దసరా ముగియగానే సైకిలు మీద, తర్వాత మోపెడ్ మీద ఊళ్లు తిరిగి, "మీరు పోతే పోండప్పా, పిల్లోన్ని మాత్రం నాకు వదిలిపెట్టి పోండి" అని అడిగేవాడు. అట్లా ముప్పై ఏళ్లలో ఎంతమంది పిల్లల్ని లారీల మీదనుంచి దింపాడో ఆయనకే తెలియదు.

ఈరేష్ అట్లా వచ్చినవాడే. వాళ్లది ఎమ్మిగనూరు. తండ్రి ఆంజనేయ, తల్లి సరోజమ్మ. ఇంట్లో గుంట మగ్గం ఉండేది. నూలు ధర పెరిగి, చీర అడిగేవాళ్లు తగ్గి, మగ్గం మూలబడ్డాక మొగుడూ పెళ్లాలు నేతవాళ్లలో మొదటిసారి సుగ్గి లారీ ఎక్కారు. పెద్దవాడు ఈరేష్ ఆరో తరగతి. చిన్నది స్వాతి, దాన్ని కూడా తీసుకుపోయేవాళ్లు.

ఆంజనేయ ఒక రేకు పెట్టె మోసుకుని కొడుకును బడికి పిలుచుకొచ్చిన రోజు దానమయ్యకు బాగా గుర్తు. ఆంజనేయ ఆఫీసు గదిలోకి రాకుండా గడప బయటే నిలబడ్డాడు.

"సార్, మావోడు శానా తక్కువ మాట్లాడతాడు. కడుపు నొచ్చినా చెప్పడు. మీరే సూసుకోవల్ల."

"నువ్వు దిగులు పెట్టుకోవద్దప్పా. నా కండ్ల ముందరే ఉంటాడు" అన్నాడు దానమయ్య.

పిల్లవాడు నిజంగానే తక్కువ మాట్లాడేవాడు. కానీ చేతులు ఊరుకునేవి కావు. వాలీబాల్ నెట్టు చిరిగి రెండేళ్లుగా వేలాడుతుంటే, పొద్దున ప్రార్థనకు ముందు కూర్చుని పోగు పోగు కలిపి పది రోజుల్లో బాగుచేశాడు. మగ్గం మీద తెగిన దారాన్ని అతికేటప్పుడు వేసే ముడి అది, ఎంత లాగినా ఊడదు. మిగతా పిల్లలు చుట్టూ చేరి నేర్పమని అడిగేవాళ్లు. నీళ్లు నాలుగు రోజులకొకసారి ట్యాంకరులో వచ్చేవి. ఒక్కొక్కరికి రెండు చెంబులు. ఈరేష్ ఒక చెంబుతో స్నానం ముగించి రెండోది చిన్నవాళ్లకు పోసేవాడు. ఆదివారం పొద్దున బొరుగులతో చేసిన ఉగ్గాని, మిరపకాయ బజ్జీ పెట్టేవాళ్లు. ఆ ఒక్కపూట మాత్రం వరుసలో అందరికంటే ముందు నిలబడేవాడు.

హిందూ పిల్లలు ప్రార్థనకు రావాలని బలవంతం లేదు. అయినా అందరూ వచ్చేవాళ్లు, పాటలుంటాయి కాబట్టి. ఒకరోజు ప్రార్థన అయ్యాక ఈరేష్ దానమయ్య దగ్గరికి వచ్చి అడిగాడు.

"సార్, యేసుసామికి మగ్గం నేసేది వచ్చునా?"

"రాదురా. ఆయన కొయ్యలతో వడ్లపని చేసేటోడు."

పిల్లవాడు "అట్లయితే మగ్గాలు చేసిచ్చింటాడు" అన్నాడు.

దానమయ్య ఆ మాట ఇంటికి పోయి భార్య కృపమ్మకు చెప్పాడు. వాళ్లకు పిల్లలు లేరు. కృపమ్మ నవ్వి, "ఒక ఆదివారం పిల్చుకోని రా, ఇంత కోడికూర పెడతా" అంది. అప్పటినుంచి నెలకొక ఆదివారం ఈరేష్ వాళ్లింట్లో తినేవాడు.

రెండేళ్లు అట్లా గడిచాయి. ఏడో తరగతి పరీక్షలు అయిన ఎండాకాలం బడి కమిటీ హాస్టలు మూసేసింది. కప్పు కారుతోందనీ, ఏదైనా జరిగితే బాధ్యత ఎవరిదనీ కారణం చెప్పారు. నిజానికి హాస్టలున్న రెండెకరాలు పత్తి గోడౌనుకు లీజుకివ్వాలని మాట్లాడుకుంటున్న సంగతి అయ్యన్నకు కూడా తెలుసు. బడి సంగతి కూడా కరస్పాండెంటు జయానందం తేల్చి చెప్పాడు.

"దానమయ్య గారూ, నలభై మంది పిల్లలుంటే నడుపుదాం. ఒక్కడు తగ్గినా మూసేద్దాం. మేమేం మ్యూజియం నడపడం లేదు."

ఈరేష్ ఎనిమిదో తరగతికి ఎమ్మిగనూరు నుంచి బస్సులో రావడం మొదలుపెట్టాడు. పోను గంట, రాను గంట. ఇంకా అయిదుగురు పిల్లలు ఆ బస్సులోనే వచ్చేవాళ్లు. నవంబరు వచ్చింది. ఆంజనేయ బడికి వచ్చి, ఈసారి కూడా గడప బయటే నిలబడ్డాడు.

"సార్, లారీ వచ్చే వారం పోతాది. మా యమ్మ ఉన్నెప్పుడు పిల్లోనికి ఇంత వండి పెట్టేది. ఆయమ్మ పోయె. వీన్ని యాడ పెట్టాలో తెలీలేదు. ఈడనే ఏదన్నా మూల ఉంటే..."

దానమయ్య జయానందం దగ్గరికి పోయాడు. హాస్టల్లో కారని గది ఒకటి ఉంది, ఆరుగురు పిల్లల్ని నాలుగు నెలలు ఉంచుకుంటాను, తిండి నేను చూసుకుంటాను అని అడిగాడు. జయానందం ఒప్పుకోలేదు. ఇంటికి వచ్చి కృపమ్మతో చెప్పాడు.

"మనింటికి పిల్చుకోని రా" అంది కృపమ్మ.

"ఆరుమందినా? ఈ రెండు రూముల్లోనా?"

"ఆరుమంది ఎందుకు, ఈరేష్‌ను పిల్చుకోని రా."

"ఒకన్ని తెచ్చుకుంటే మిగిలిన అయిదుమందికి ఏం సెప్పేది? వాళ్లవి కావా కడుపులు?"

దానమయ్య తెలిసినవాళ్లను అడుగుదాం, చర్చి వాళ్లను అడుగుదాం అని వారం తిరిగాడు. ఎవరూ సరే అనలేదు. ఎనిమిదో రోజు, సరే, ఆ ఒక్కణ్ణే తెచ్చుకుందాం అనుకుని ఎమ్మిగనూరు పోయాడు. ఇంటికి తాళం వేసి ఉంది. పక్కింటి ముసలామె ఉచ్చీరమ్మ అరుగు మీద నూలు చుడుతోంది.

"నిన్న పొద్దునే లారీ పాయె సార్. పిల్లోడు మీ బడి సంచి కూడా ఎత్తుకోని పోయినాడు, ఆడ సదువుకుంటానని" అంది.

ఆ నెలాఖరుకు బడికి వచ్చే పిల్లలు ఇరవై ఆరుగురే మిగిలారు. రిజిస్టరులో నలభై మూడు పేర్లున్నాయి. పదిహేడు మంది సుగ్గికి పోయారు. డిసెంబరు ఒకటో తేదీన దానమయ్య హాజరు తీసుకుంటూ ఒక్కొక్క పేరూ పిలిచాడు. పలకని పేర్ల ఎదుట పెన్ను ఆగింది. సున్నా పెడితే నెలలోపు బడి మూతపడుతుంది. ఈ ఇరవై ఆరుగురూ ఎక్కడికి పోవాలి? ఎండాకాలం తిరిగొచ్చే ఆ పదిహేడు మంది ఎక్కడికి పోవాలి? వచ్చాక రాత్రింబవళ్లు కూర్చోబెట్టి పరీక్షలకు తయారు చేస్తాను, పేరు బతికుంటే చాలు అనుకున్నాడు. అందరికీ హాజరు వేశాడు. మర్నాడు వేశాడు. ఆ తర్వాత అది అలవాటైపోయింది. సోషలు పంతులు చూసి కూడా చూడనట్టు ఊరుకున్నాడు.

ఆంజనేయ ఫోను నంబరు దానమయ్య దగ్గర ఉంది. ఒక్కసారి కూడా చేయలేదు. చేస్తే, "మేము ఇంక బడికి పంపం సార్" అంటారేమోనని భయం. ఆ మాట చెవిన పడ్డాక హాజరు వేయడానికి ఆయన చెయ్యి రాదు. అందుకని చేయలేదు.

మార్చి మొదటి వారంలో ఒక కానిస్టేబులు వచ్చాడు. గుంటూరు వైపు స్టేషను నుంచి అట. ఈరేష్ అనే పిల్లవాడు ఇక్కడ చదువుతున్నాడా అని అడిగాడు. చదువుతున్నాడన్నాడు దానమయ్య. జనవరి ఇరవయ్యో తేదీన బడికి వచ్చాడా అని అడిగాడు. దానమయ్య దొంగ హాజరు సంగతి ఎవరో పైకి రాశారనుకున్నాడు.

"ఎందుకండీ?"

"ఏదో ఎంక్వయిరీ అండీ. రిజిస్టరులో ఉన్నది ఉన్నట్టు జిరాక్సు తీసి, సంతకం పెట్టి సీలేసి ఇవ్వండి. నాకు బస్సుకి టైమవుతోంది."

దానమయ్య రిజిస్టరు తెరిచాడు. జనవరి పేజీలో ఈరేష్ పేరు ఎదుట ఒక్క సున్నా లేదు. అయ్యన్న జిరాక్సు తీసుకొచ్చాడు. దానమయ్య సంతకం పెట్టి సీలు వేశాడు. కానిస్టేబులు పోయాక ఎందుకడిగి ఉంటారని కొంతసేపు ఆలోచించాడు. తర్వాత తొమ్మిదో తరగతికి పాఠం చెప్పడానికి పోయాడు.

పది రోజుల తర్వాత, మధ్యాహ్నం పిల్లలు అన్నం తింటున్న వేళ ఆంజనేయ, సరోజమ్మ గేటు దాటి లోపలికి వచ్చారు. దానమయ్యకు వాళ్లను చూడగానే సంతోషమేసింది. సుగ్గి నుంచి ముందే వచ్చేశారనుకున్నాడు. లేచి వరండాలోకి ఎదురు పోయాడు.

"రాండప్పా, రాండి. ఈరేష్ యాడ? పిల్చుకోని రాలేదా?"

ఆంజనేయ జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసి విప్పాడు. "ఇది మీ సంతకమేనా సార్?"

అది జనవరి పేజీ జిరాక్సు.

"అవు. నాదే."

"జనవరి ఇరవయ్యో తేదీ మావోడు ఈడికి వచ్చినాడా?"

దానమయ్య కాగితం మీది తారీఖుల వరస చూస్తూ నిలబడ్డాడు. సరోజమ్మ వరండా మెట్టు మీద కూలబడి, ఆయన ముఖంలోకి చూసి మాట్లాడింది. గొంతు పెంచలేదు.

"వచ్చింటే చెప్పు సార్. నువ్వు కండ్లతో చూసింటే చెప్పు. ఆ పొద్దు నా బిడ్డ ఈడ కూసోని సదువుకున్న్యాడని నువ్వంటే నేను నమ్ముతా. నేను పూడ్సింది ఇంగ ఎవుర్నో అనుకుంటా."

ఏం జరిగిందో ఆంజనేయ చెప్పాడు. నిలబడే చెప్పాడు.

ఆ రోజు కోసిన మిరపకాయలు మూటలు కట్టి ట్రాక్టరుకు ఎత్తారు. మూటల మీద కూర్చుని పట్టుకొమ్మని, కూలీలను పిలుచుకుపోయిన మేస్త్రీ రంగప్ప ఈరేష్‌ను ఎక్కించాడు. పిల్లవాడు తేలిక, చేతులు గట్టివి అని. కాలువ గట్టు మీద ట్రాక్టరు తొట్టి ఒరిగి బోల్తా పడింది. మూటల కింద నుంచి తీసేసరికే ప్రాణం పోయింది. ఆంజనేయ ఆ చేను చివర ఉన్నాడు, పరుగెత్తుకొచ్చాడు. పోలీసులొస్తే అందరూ ఇరుక్కుంటారు, శవాన్ని కోస్తారు, వారం దాకా ఇవ్వరు అని రంగప్ప చెప్పి వాళ్లను ఒక జీపులో ఎక్కించాడు. తెల్లారేసరికి ఎమ్మిగనూరులో ఉన్నారు. పొద్దెక్కకముందే పూడ్చేశారు. నెల గడిచాక సరోజమ్మ మనిషి కాకుండా అయిపోయింది. నా బిడ్డ ఎట్లా చచ్చినాడో ఎక్కడా రాసి లేదు, రాయించు అని మొగుణ్ణి పట్టుకుంది. ఆంజనేయ తెలిసిన లాయరును పట్టుకుని అక్కడి స్టేషనుకు పోయి కేసు పెట్టాడు. ట్రాక్టరు ఆసామి తన చేలోకి అట్లాంటి పిల్లవాడు రానేలేదన్నాడు. రంగప్ప కూడా అదే అన్నాడు. పోలీసులు బడిలో అడిగితే ఆ రోజు పిల్లవాడు ఆదోనిలో బడిలో ఉన్నాడని కాగితం వచ్చింది. తర్వాతెప్పుడో జ్వరమొచ్చి ఇంట్లో చనిపోయిన పిల్లవాడి పేరుతో కేసు అల్లుతున్నారని ఇప్పుడు ఆంజనేయనే బెదిరిస్తున్నారు.

"సాచ్చికమిచ్చేటోళ్లు ఎవరూ లేరు సార్. కూలోళ్లంతా మళ్ల సంవత్సరం ఆ రంగప్ప కాడికే పోవల్ల. మీ కాగితమే వాళ్లకు సాచ్చికం" అన్నాడు ఆంజనేయ.

అప్పుడే గంట కొట్టారు, పిల్లలు ప్లేట్లు కడుక్కుని వరండాలోకి వచ్చి సారు చుట్టూ నిలబడ్డారు. సరోజమ్మ వాళ్లను ఒక్కొక్కరినీ చూసింది. లేచి, కొంగు దులుపుకుని, "పాదాం పా" అని మొగుడితో చెప్పి గేటు వైపు నడిచింది. దానమయ్య వాళ్లను ఆపలేదు.

పిల్లలు ఇళ్లకు పోయాక రిజిస్టరు తెరిచి కూర్చున్నాడు. జనవరి ఇరవై నుంచి ఆ రోజు దాకా బడి జరిగిన రోజులు లెక్కపెట్టాడు. నలభై మూడు. చచ్చిపోయాక ఈరేష్ నలభై మూడు రోజులు బడికి వచ్చాడు. ఒక్క రోజు కూడా మానలేదు.

జయానందానికి సంగతి చెప్తే ఆయన తలుపు మూసి మెల్లగా మాట్లాడాడు.

"పోయినవాడు తిరిగి రాడు గదా. మీకు రిటైర్మెంటు ఎనిమిది నెలలు. మీరు దొంగ హాజరు వేశానని ఒప్పుకుంటే మీ పెన్షను పోతుంది, బడి పోతుంది. నూట పదేళ్ల పేరు పోతుంది. ఇచ్చిన కాగితం ఇచ్చినట్టే ఉండనీండి."

బడి మూయాలని చూస్తున్న మనిషే బడి పేరు చెప్పి భయపెడుతుంటే దానమయ్యకు కోపం రావాలి. రాలేదు. ఎందుకంటే ఆయనకూ అదే భయం. మూడు రోజులు ఎవరికీ ఏమీ చెప్పకుండా బడికి పోయి వచ్చాడు. హాజరు మాత్రం తీసుకోలేదు. రిజిస్టరు బీరువాలో పెట్టి తాళం వేశాడు.

మూడో రోజు అన్నం తింటుంటే కృపమ్మ అడిగింది.

"ఆ తల్లికి ఏం సెప్పి పంపించినావు?"

"ఏమీ సెప్పలేదు."

"మరి బువ్వెట్ల పోతాంది లోపలికి?"

ఆయన చేయి కడుక్కుని లేచాడు. మర్నాడు రిజిస్టరు సంచిలో పెట్టుకుని బస్సెక్కి, కర్నూలులో ఇంకో బస్సు మారి, ఆ స్టేషనుకు పోయాడు. ఎస్సై చిన్న వయసువాడు, మర్యాదగానే మాట్లాడాడు. దానమయ్య చెప్పినదంతా రాయించుకున్నాడు. ఆ పిల్లవాడు నవంబరు నుంచి బడికి రాలేదు, బడి మూతపడకూడదని నేనే అబద్ధం రాశాను, జనవరి ఇరవైన అతను ఆదోనిలో లేడు. దానమయ్య కింద సంతకం పెట్టాడు.

"ముందేమో ఉన్నాడని రాసి సీలేసి ఇచ్చారు. ఇప్పుడేమో లేడని రాసిస్తున్నారు. ఏది నమ్మమంటారు మాస్టారూ?" అన్నాడు ఎస్సై.

"ఇదే నిజం సార్."

"నిజమే అయ్యుండొచ్చు. కోర్టులో అవతలి లాయరు అడిగే మొదటి ప్రశ్న ఇదేనండి. అబద్ధం రాసే అలవాటున్న మనిషి మాట ఎందుకు నమ్మాలీ అని. మీరేం చెప్తారు?"

దానమయ్య సంచి తీసుకుని లేచాడు.

ఆ తర్వాతవన్నీ వరసగా జరిగిపోయాయి. దానమయ్యను సస్పెండు చేశారు. విచారణకు ఇద్దరు వచ్చి రిజిస్టర్లన్నీ పట్టుకుపోయారు. ఒక పత్రికలో, చచ్చిన పిల్లవాడికి హాజరు అని పెద్ద అక్షరాలతో వేశారు. నూట పదేళ్ల బడి గురించి పేపర్లో పడిన ఆఖరి వార్త అదే. కమిటీకి కావలసిన కారణం దొరికింది. పరీక్షలు కాగానే బడి మూసేస్తున్నట్టు గేటుకు కాగితం అంటించారు.

ఇరవై ఆరుగురు పిల్లలకు టీసీలు రాయాలి. రాసే అధికారం దానమయ్యకు లేదు, సోషలు పంతులు రాశాడు. దానమయ్య బయట వేపచెట్టు కింద నిలబడి, టీసీ పట్టుకుని వచ్చిన ఒక్కొక్క పిల్లవాణ్ణీ ఏ బడికి పోతున్నావని అడిగాడు. కొందరు ఏదో బడి పేరు చెప్పారు. ఎనిమిది మంది ఏమీ చెప్పలేదు. వాళ్లలో ఒకడు రెండు వారాల తర్వాత మార్కెట్ యార్డులో పత్తి బోరాలు కుడుతూ కనిపించాడు. దానమయ్యను చూసి మూటల వెనక దాక్కున్నాడు. ఏప్రిల్లో సుగ్గి నుంచి తిరిగొచ్చిన పదహారు మందికి బడే లేదు. వాళ్ల ఇళ్లకు పోయి చెప్పే ధైర్యం ఆయనకు లేకపోయింది. ఒకరి నుంచి ఒకరు వినే ఉంటారు.

దొర బడి పాత విద్యార్థులు ఊళ్లో చాలామంది ఉన్నారు. డాక్టర్లున్నారు, మిల్లు ఓనర్లున్నారు, తాలూకాఫీసులో పనిచేసినవాళ్లున్నారు. దానమయ్య ఇద్దరు ముగ్గురి దగ్గరికి పోయాడు, బడిని ఎట్లాగైనా నిలబెట్టండని అడగడానికి. ఒకాయన కాఫీ ఇప్పించాడు. ఆ రోజుల్లో వార్డెన్ ఎట్లా కొట్టేవాడో, ట్యాంకు మీదనుంచి ఎట్లా దూకేవాళ్లో గంటసేపు నవ్వుతూ చెప్పాడు. చివర్న, "మీరు అట్ల చేసుండకూడదు సార్, బడి పేరు చెడగొట్టినారు" అన్నాడు. అది కూడా నిజమే కాబట్టి దానమయ్య నమస్కారం పెట్టి వచ్చేశాడు.

కేసు మాత్రం పూర్తిగా పోలేదు. దానమయ్య వాంగ్మూలం వల్ల ఒకటి జరిగింది. పూడ్చినచోట తవ్వి చూడాలని ఆర్డరు వచ్చింది. జూన్ నెలలో ఎమ్మిగనూరు బయట, తహసీల్దారు, డాక్టరు, పోలీసులు చూస్తుండగా తవ్వారు. సరోజమ్మను రావద్దన్నారు. ఆమె వచ్చింది. దానమయ్య కూడా పోయాడు గానీ దగ్గరికి పోలేక రోడ్డు పక్కనే నిలబడ్డాడు.

రెండు నెలలకు రిపోర్టు వచ్చింది. ఆంజనేయ ఆదోని వచ్చి దానమయ్య ఇంటి ముందు నిలబడి చెప్పాడు. అట్లా వచ్చి చెప్పవలసిన పని ఆయనకు లేదు. అయినా చెప్పాడు.

"ఎముకలు ఇరిగినాయంట సార్. పక్కటెముకలు, మెడ కాడ. అది మాత్రం రాసినారు."

"అయితే కేసు నిలబడతాది గదప్పా."

"యాడ ఇరిగినాయో ఎముకలు చెప్పవంట. ట్రాక్టరు కింద పడినాడో, ఇంటి మిద్దె మీద నుంచి పడినాడో రాయలేమన్నారు. సాచ్చికం లేదని మూసేసినారు."

కృపమ్మ లోపలికి రమ్మని పిలిచింది. ఆయన రాలేదు. కొంగులో మొహం పెట్టుకుని కృపమ్మే ఏడ్చింది. ఆంజనేయ ఆమెను చూసి, "ఏడవద్దమ్మా, మావోడు మీ ఇంటి కూర గురించి శానా చెప్పేటోడు" అన్నాడు. ఆ మాటతో ఆమె ఇంకా ఏడ్చింది.

నవంబరు వచ్చింది. దానమయ్యకు రిటైరయ్యే తేదీ వచ్చి పోయింది. విచారణ తేలేదాకా పెన్షను కాగితాలు కదలవన్నారు. హాస్టలు పడగొట్టిన చోట పునాదులు తీస్తున్నారు. ఆ దారిన పోకుండా ఆయన చుట్టూ తిరిగి మార్కెట్టుకు పోతున్నాడు. ఒకరోజు పొద్దున కృపమ్మ ఆయన ముందు కూర్చుంది.

"ఆ ఇంట్లో ఆడపిల్ల ఉంది గదా. స్వాతి. వాళ్లు మళ్ల లారీ ఎక్కుతారేమో. పోయి పిల్చుకోని రా. ఈసారి వారం తిరగొద్దు. ఈ పొద్దే పో."

దానమయ్య మొదటి బస్సుకు పోయాడు. ఆయన పోయేసరికి లారీ వీధి చివర నిలబడి ఉంది. జొన్నల మూటలు, పొయ్యి, బిందెలు ఎక్కిస్తున్నారు. సరోజమ్మ అప్పటికే లారీలో ఒక మూలన కూర్చుని ఉంది. స్వాతి తల్లి పక్కన, కాళ్లు ముడుచుకుని కూర్చుంది. పదకొండేళ్లుంటాయి. ఆంజనేయ కింద నిలబడి తాడు బిగిస్తున్నాడు. ఈసారి మేస్త్రీ వేరే, ఊరు కూడా వేరే అని చెప్పాడు.

దానమయ్య అడగవలసిన మాట దారిపొడవునా మనసులో అనుకుంటూ వచ్చాడు. లారీ పక్కకు పోయి అడిగాడు.

"ఆంజనేయా, పిల్లను మాకు వదిలిపెట్టి పోప్పా. మా ఇంట్లోనే ఉంటాది. ఆదోనిలో ఆడపిల్లల బడి ఉండాది, నేనే దినమూ దింపి, నేనే పిల్చుకోని వస్తా. మా కృపమ్మ పంపించింది."

ఆంజనేయ తాడు ముడి వేయడం ఆపి ఆయన వైపు చూశాడు. ఆ చూపులో కోపం కనిపించి ఉంటే దానమయ్యకు కొంత తేలికగా ఉండేది.

"వద్దులే సార్" అన్నాడు. "ఈ పిల్ల ఏ పొద్దు యాడుందో నాకు తెలిసుండల్ల."

దానమయ్య సరోజమ్మ వైపు చూశాడు. ఆమె విన్నది. విని, కూతుర్ని ఇంకొంచెం దగ్గరికి లాక్కుని, తల అటు తిప్పుకుంది. స్వాతి మాత్రం సారును చూస్తూనే ఉంది. చిన్నపిల్ల, రమ్మంటే దిగేటట్టే కనిపించింది.

డ్రైవరు హారను కొట్టాడు. ఆంజనేయ చక్రం మీద కాలు పెట్టి పైకెక్కాడు. కింద ఇంకా ఒక జొన్నల మూట మిగిలిపోయి ఉంటే దానమయ్య ఎత్తి అందించాడు. ఆంజనేయ అందుకున్నాడు. లారీ కర్నూలు రోడ్డుకు తిరిగి కనబడకుండా పోయేదాకా ఆయన వీధిలోనే నిలబడ్డాడు. తర్వాత నడుచుకుంటూ బస్టాండుకు వచ్చాడు. ఆదోని బస్సు ఒకటి వచ్చి పోయింది, ఎక్కలేదు. రెండోది ఎక్కాడు.

ఇంటికి వచ్చేసరికి కృపమ్మ వాకిట్లోనే ఉంది.

"పిల్ల యాది?"

"వాళ్లతోనే పాయె" అన్నాడు దానమయ్య. చెప్పులు విడిచి లోపలికి పోయి గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఆ రోజంతా లేవలేదు.